గట్టి మాంసానికి సన్నని సెగ

బెల్జియం దేశంలో ఫ్లాండర్స్ అనే ప్రాంతం ఉన్నది. అక్కడి సంసారులు మాంసాన్ని బీరులో ఉడికించి ఒక కూర చేసుకొంటారు. వారి భాషలో దాని పేరు స్టోఫ్‌వ్లేస్. ఫ్రెంచి మాట్లాడేవారు కార్బొనాద్ అంటారు. గొడ్డు మాంసపు ముక్కలు, బోలెడు ఉల్లిగడ్డలు, నల్లని బీరు, కొంచెం చక్కెర, ఆవపిండి పూసిన రొట్టె ముక్క, ఏదో ఒకటి రెండు ఆకులు. సరుకులు ఇంతే. మనం మసాలా అని పిలిచేది అందులో లేనట్టే. రెండు మూడు గంటలు సన్నని సెగ మీద ఉంచి, బంగాళాదుంప వేపుడుతో తింటారు.

పూనాలోను హైదరాబాదులోను ఉద్యోగాలు చేస్తున్న మన పిల్లలు ఈ కూరను ఫోను తెర మీద చూచి, దీపావళి సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు "ఇది మనం వండుకుందామా?" అని అడుగుతున్నారు. మా ఇంట్లోనూ అడిగారు. ఇట్లాంటి ప్రశ్నకు ముక్కు మూసుకోవడం ఒక సమాధానం. సీసా, మాంసం తెచ్చి పొయ్యి దగ్గర పెట్టడం ఇంకొక సమాధానం. రెండింటికీ ఆలోచన అక్కరలేదు. మర్ఖేల్ వంటి ఊళ్ళో, ఇంట్లో తెలుగు, బడిలోను కచేరీలోను మరాఠీ మాట్లాడుకొంటూ తరాలుగా ఉండిపోయిన మన బోటి కుటుంబాలవారు ఈ కూరను ఎంతవరకు వండుకోవచ్చు, ఏది మార్చుకోవచ్చు, ఏది మార్చరాదు అన్న సంగతి కొంచెం విచారించి వ్రాస్తున్నాను.

ముందుగా చట్టం సంగతి చెప్పి తరువాత పొయ్యి వెలిగించడం మంచిది. గుమాస్తా బుద్ధి అనుకొన్నా సరే.

మన మహారాష్ట్రంలో 1976 నాటి పశు సంరక్షణ చట్టం గోవధను నిషేధించినది. 1995లో శాసనసభ దానిని సవరించి ఎద్దులను, ఆబోతులను కూడా చేర్చినది. ఆ సవరణకు రాష్ట్రపతి ఆమోదం వచ్చేసరికి 2015 అయినది. అప్పటినుంచి ఆవు, ఎద్దు, ఆబోతు మూడింటిని వధించడమూ నేరమే. ఐదేళ్ళ వరకు జైలు. బర్రెలకు, దున్నలకు ఈ నిషేధం లేదు. అధికారి పరీక్షించి తగునని పత్రం ఇస్తే వధించవచ్చు. ఎల్ల దాటి తెలంగాణాలో అడుగు పెడితే చట్టం వేరు. అక్కడ 1977 నాటి చట్టం నడుస్తున్నది. ఆవును, దూడను వధించరాదు. వయసు మళ్ళిన ఎద్దుకు పత్రం దొరకవచ్చు. 1956 నవంబరు 1 దాకా రెండు వైపులవారూ ఒకే హైదరాబాదు రాష్ట్రంలో ఉన్నవారే. భాష ఒకటే, జొన్న రొట్టె ఒకటే. కూరగంజు మీద మాత్రం ఇప్పుడు ఎల్లకు ఈవల ఒక చట్టం, ఆవల ఒక చట్టం.

కాబట్టి బెల్జియం వారి కూర ఉన్నదున్నట్టుగా మర్ఖేల్‌లో చేయడానికి వీలు లేదు. మేకమాంసంతో చేసుకోవాలి. పెద్దకూర తినే ఇళ్ళవారు బర్రె మాంసంతో చేసుకోవాలి. ఇందులో నష్టపోయినది ఏమీ లేదని నా అభిప్రాయం. ఏమంటే ఆ కూరలోని గొప్పతనం గొడ్డుమాంసంలో లేదు. చెబితే నవ్వుతారేమో గాని బీరులోనూ లేదు. ఆ రెండూ మారినా కూర నిలుస్తుంది. సన్నని సెగ మారితే నిలవదు.

మాంసంలో రెండు రకాల పదార్థం ఉన్నది. ఒకటి కండ పోగులు. రెండవది ఆ పోగులను కట్టలు కట్టి ఎముకకు అంటించే తెల్లని నరాల వంటి పొరలు. నడక ఎక్కువ ఉన్న చోట, అనగా పిక్కలోను, మెడలోను, మోకాలి దగ్గర, ఈ పొరలు దట్టంగా ఉంటాయి. వయసు మళ్ళిన పశువులో అవి మరీ మొండికెత్తి ఉంటాయి. నీళ్ళు కుతకుత మరుగుతుంటే ఏమవుతుంది? కండ పోగులు వెంటనే బిగుసుకొని లోపలి రసాన్ని పిండేస్తాయి. పొరలు మాత్రం అంత తొందరగా లొంగవు. అప్పుడు తినేవానికి ఒకేసారి రెండు శిక్షలు. ముక్క పొడిగానూ ఉంటుంది, సాగుతూనూ ఉంటుంది. మంట తగ్గించి, నీటి మీద అప్పుడప్పుడు ఒక బుడగ మాత్రం లేచేటట్టు గంటల కొద్దీ ఉంచితే ఆ పొరలు కరిగి జిగురుగా మారి పులుసులో కలుస్తాయి. పెదవులకు అంటుకొనే ఆ చిక్కదనం అదే. చల్లారితే పులుసు గడ్డ కట్టేదీ అందుకే. లేత ముక్కకు ఈ భాగ్యం లేదు. దానిలో కరగడానికి పొరలే తక్కువ. కసాయి దగ్గర "మెత్తటిది ఇవ్వు" అని అడిగి తెచ్చినవాడు ఈ కూర వండి లాభం లేదు.

అందుచేత ఈ వంట ఎక్కడ పుట్టినా పేదవాని ఇంట్లోనే పెరిగి ఉండాలి. మెత్తని భాగం ఎవరి వాటాకు పోయినదో వారికి నిప్పు మీద రెండు నిమిషాలు తిప్పితే చాలు. గట్టి భాగం ఎవరి వాటాకు వచ్చినదో వారే సన్నని సెగ నేర్చుకొన్నారు. కార్బొనాద్ అన్న మాటలోనే బొగ్గు ఉన్నది. బొగ్గుల మీద వండే వంటకు పుట్టిన పేరు అది. మన హైదరాబాదు నిహారీ చూడండి. నాలుక, కాళ్ళు, ఎముకలు. రాత్రి పొయ్యి మీద పెడితే పొద్దున తినడానికి అందుతుంది. ఉదయం అన్న అర్థమిచ్చే మాట నుంచి దానికి ఆ పేరు వచ్చింది. ఇప్పుడు హోటళ్ళలో పళ్ళెం వెల చూస్తే అది కాళ్ళ కూర అని ఎవరూ నమ్మరు.

మన మరాఠ్వాడాలో ఈ విద్య అందరికంటె బాగా తెలిసినవారు మహార్, మాంగ్ కుటుంబాల స్త్రీలు. ఇది నేను మెహర్బానీకి చెప్పే మాట కాదు. శాహూ పాటోళే గారు 2015లో మరాఠీలో 'అన్న హే అపూర్ణ బ్రహ్మ' అని ఒక గ్రంథం ప్రకటించారు. అన్నం పూర్ణబ్రహ్మ అని అందరూ అనే మాటను తిప్పి, అపూర్ణమని పేరు పెట్టడంలోనే వారి ఆంతర్యం తెలుస్తున్నది. మరాఠ్వాడా దళితుల వంటలన్నీ అందులో ఉన్నాయి. 2024లో ఇంగ్లీషులోకి కూడా వచ్చినది. నూనె కొరత, నెయ్యి కరువు, మసాలా అంటే మిరపకాయ, ఉప్పు. అంత తక్కువతో ఏ భాగాన్ని ఎట్లా వండాలి, మిగిలినది ఎట్లా ఎండబెట్టి దాచాలి అన్న సంగతులు అందులో చదివినప్పుడు, మనవైపు ఎండు తునకలు చేసే ఇళ్ళు గుర్తుకు రాక మానవు. మరాఠీలో వాటినే చాన్యా అంటారు. మన ఇళ్ళలో మరాఠీ ధారాళంగా చదివేవారు చాలామంది ఉన్నారు గనుక ఈ పుస్తకం తెప్పించుకోవచ్చు.

అయితే ఆ నేర్పును మెచ్చుకొనే తొందరలో ఆ వాటా వారికి ఎట్లా వచ్చినదో మరువరాదు. ఊళ్ళో చచ్చిన పశువును ఈడ్చుకొనిపోవడం వారి పని అని ఊరు నిర్ణయించినది. దాని మాంసమే వారికి కూలి అన్నది. 1927లో మహాడ్ సభలో డాక్టర్ అంబేడ్కర్ గారు చచ్చిన పశువు మాంసం తినడం మానుకొమ్మని తన వారికి చెప్పినారు. మానినవారు ఆ తిండితోపాటు దాని చుట్టూ ఉన్న అవమానాన్ని వదిలించుకోవడానికి మానినారు. వారి కోడండ్లకు, మనమరాండ్రకు ఈ వంట నేర్పలేదంటే వింత లేదు. ఇప్పుడు అదే పద్ధతి పరదేశపు పేరుతో, తెల్లని పింగాణీ గిన్నెలో, మన పిల్లల ఫోనులోకి వచ్చినది. పిల్లలు "ఆహా" అంటున్నారు. మన ఊళ్ళోనే రెండు వీధుల అవతల ఒక ముసలమ్మకు ఇది యాభై ఏళ్ళుగా తెలుసునని వారికి ఎవరు చెబుతారు? ఆమెను అడిగినవారు ఎవరు?

ఇక వంటకు వస్తాను.

మేక అయితే మనకు ఉస్మానాబాదీ మేక ఉన్నది. నల్లని ఒళ్ళు, మరాఠ్వాడా మేకలలో పేరు పడ్డ జాతి. ముందుకాలి పిక్క, మెడ, నల్లి బొక్కలు కలిపి ఒక కిలో తీసికోవాలి. బర్రె మాంసమైతే పిక్క భాగం ముప్పాతిక కిలో చాలు. ముక్కలు పెద్దవిగా ఉండాలి. చిన్న నిమ్మకాయంత కంటె తక్కువ ఉంటే మూడు గంటల తరువాత వాటిని వెతుక్కోవలసి వస్తుంది. కడిగిన తరువాత బట్టతో తడి పూర్తిగా ఒత్తి తీసివేయాలి. తడి ముక్క నూనెలో వేగదు, ఉడుకుతుంది. వెడల్పు మూకుడులో నూనె కాచి, ముక్కలు ఒకదానికొకటి తగలకుండా నాలుగైదు చొప్పున వేసి, అన్ని వైపులా చింతగింజ రంగు వచ్చేదాకా వేయించి తీయాలి. ఒకేసారి అన్నీ కుమ్మరించేవారు ఈ కూర రుచిలో సగం అక్కడే వదులుకొంటారు.

తరువాత ఉల్లిగడ్డలు. ముప్పాతిక కిలో. ఎక్కువ అనిపిస్తుంది. ఎక్కువ కాదు. సన్నగా నిలువుగా తరిగి, అదే మూకుడులో, అడుగంటిన మాంసపు రంగు కరిగేటట్టు కొంచెం నీళ్ళు చల్లుతూ, సన్నని మంట మీద అరగంటకు పైగా మగ్గనివ్వాలి. బిరియానీకి వేయించినట్టు కరకరలాడరాదు. ముద్దగా, తేనె రంగులో ఉండాలి. అప్పుడు నాలుగు ఎల్లిగడ్డ రెబ్బలు, ఉసిరికాయంత బెల్లం ముక్క, రెండు లవంగాలు, ఒక బిర్యానీ ఆకు. బెల్జియం వారు థైమ్ అనే ఆకు వేస్తారు. అది మనకు అక్కరలేదు. దాని వాసనకు మూలమైన థైమాల్ అనే సారమే మన వాములోనూ ఉన్నది గనుక రెండు వేళ్ళకు చిక్కినంత వాము నలిపి వేస్తే సరిపోతుంది. ఎక్కువ వేస్తే కూర మందు వాసన వేస్తుంది. మిరపపొడి మీ ఇష్టం. వారు వేయరు. మేము ధర్మాబాదు మిరపపొడి ఒక చెంచా వేస్తాము. మిరప లేని కూరను మర్ఖేల్‌లో రోగులకు పెడతారు.

ఇప్పుడు ద్రవం. అసలు తగవు ఇక్కడే.

బీరు ఏమి చేస్తుందో ముందు చెబుతాను. దానిలో కొంచెం పులుపు ఉన్నది, కొంచెం చేదు ఉన్నది, వేయించిన ధాన్యం వాసన ఉన్నది. ఈ మూడే కూరకు కావలసినవి. వారు వాడే బీరు నల్లనిది, చేదు తక్కువది. మన దుకాణాలలో దొరికేది సామాన్యంగా పసుపుపచ్చని రకం. దానిని మూడు గంటలు కాస్తే నీరు ఇంకిపోయి చేదు మిగులుతుంది. అందుకని వాడదలచినవారు ఒక గ్లాసుకు మించి పోయకుండా, మిగతాది నీళ్ళు పోసి, బెల్లం ఇంకొంచెం పెంచుకోవాలి. ఇంకొక మాట. కాస్తే సారాంశం అంతా ఎగిరిపోతుందని చాలామంది ధైర్యంగా చెబుతారు. అది నిజం కాదు. అమెరికా వ్యవసాయ శాఖ వారి పట్టిక ప్రకారం ఒక గంట ఉడికిన తరువాత నూటికి 25 వంతులు, రెండు గంటలకు 10 వంతులు, రెండున్నర గంటలకు 5 వంతులు మిగిలి ఉంటాయి. తాగుడు మానుకొని కష్టపడి నిలదొక్కుకొంటున్నవారికి, మతరీత్యా ముట్టనివారికి, పసిపిల్లలకు చెప్పకుండా వడ్డించడం మర్యాద కాదు. పొరుగు ముస్లిం కుటుంబానికి గిన్నెలో పెట్టి పంపేవారు ముందే ఆలోచించుకోవాలి.

మా అమ్మ ఈ పట్టికల దాకా రానేలేదు. సీసా మాట చెవిన పడగానే, "బాట్లీ నిలబడ్డ ఇంట్ల గంజు నిలవది బిడ్డా. నీ కూర నువ్వు వండుకో, నా గంజు ముట్టకు" అన్నది. ఆమె మాటలో ఒక శ్లేష ఉన్నది. మహారాష్ట్రంలో ఊళ్ళో సారా దుకాణం ఉండాలా వద్దా అని ఆడవారు ఓటు వేసే పద్ధతి ఉన్నది కదా. చీటీ మీద నిలబెట్టిన సీసా బొమ్మ ఒకటి, పడుకోబెట్టిన సీసా బొమ్మ ఒకటి. 'ఉభీ బాట్లీ, ఆడవీ బాట్లీ' అంటారు. ఊరి ఆడ ఓటర్లలో సగం మందికి పైగా పడుకొన్న సీసాకు వేస్తే దుకాణం మూయాలి. ఆంధ్రదేశంలో 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవారు మొదలుపెట్టిన సారా వ్యతిరేక ఉద్యమం రాష్ట్రమంతా పాకి, 1993 అక్టోబరులో సారా నిషేధం దాకా వచ్చినది. మా బంధువులలోనే ఒక ఇల్లు ఈ సీసా మూలంగా పొలం, బర్రెలు, చివరకు ఇంటి తలుపులు కూడా అమ్ముకొన్నది. ఆ ఇంటి పిల్లలను మా అమ్మ మూడేళ్ళు పెంచినది. ఆమెను చాదస్తురాలు అనడానికి నాకు నోరు రాదు. "ఒక గ్లాసు కూరలో పోస్తే ఏమవుతుంది" అని అడిగే పిల్లల తప్పూ లేదు. వారు ఆ మూడేళ్ళు చూడలేదు.

కనుక సీసా లేని దారి వెతికాము. వెతకడానికి దూరం పోనక్కరలేదు. ధాన్యాన్ని పులియబెట్టిన నీరు మన ఇంట్లోనే ఉన్నది: జొన్న అంబలి. మరాఠీలో ఆంబీల్ అంటారు. నాలుగు చెంచాల జొన్నపిండిని మూకుడులో కమ్మని వాసన వచ్చి రంగు తిరిగేదాకా వేయించి, చల్లారిన తరువాత అర లీటరు నీళ్ళలో ఉండలు లేకుండా కలపాలి. ఒక గరిటెడు పాత పుల్లని అంబలి తోడువేసి, మట్టి ముంతలో గుడ్డ కట్టి రాత్రంతా ఉంచాలి. ఎండాకాలమైతే ఒక రాత్రి చాలు. చలికాలంలో మరునాటి మధ్యాహ్నం దాకా ఆగాలి. పైన తేరిన పుల్లని నీరు, అడుగు పిండి రెండూ కలిపి కూరలో పోయాలి. పులుపు ఉన్నది, వేగిన ధాన్యం వాసన ఉన్నది. చేదు లేదు. చేదు కావలసినవారు నాలుగు మెంతులు వేయించి వేసుకోవచ్చు. మా ఇంట్లో రెండు విధాలా తిని చూచిన పిల్లలు అంబలిదే బాగున్నదని అన్నారు. వారు అమ్మమ్మ మొహం చూచి అన్నారో, నాలుకతో అన్నారో నిర్ణయించడానికి నా దగ్గర కొలత లేదు. నా మట్టుకు అంబలి కూరలో పులుసు ఎక్కువ చిక్కగా, జొన్న రొట్టెకు పట్టేటట్టుగా వచ్చినది.

వేయించిన ముక్కలు, ఉల్లిముద్ద, అంబలి, తగినంత నీరు, సగం ఉప్పు కలిపి గిన్నెలో పెట్టిన తరువాత, రొట్టె సంగతి. నిన్నటి జొన్న రొట్టె ఒక అరచేయంత ముక్కకు నీళ్ళతో నూరిన ఆవముద్ద దట్టంగా పూసి, పూసిన వైపు కిందికి వచ్చేటట్టు కూర మీద పరచాలి. అది గంట సేపటికి నాని కరిగి పులుసులో కలిసిపోతుంది. ఆవ ఘాటు పోయి కమ్మదనం మిగులుతుంది. ఈ కిటుకు పూర్తిగా బెల్జియం వారిదే. మనం దండం పెట్టి తీసికోవాలి.

గిన్నె సంగతిలో ఒక జాగ్రత్త. పులుపు ఉన్న కూరను గంటల తరబడి అల్యూమినియంలోను, కలాయి పోయిన ఇత్తడి, రాగి గిన్నెలలోను ఉంచరాదు. పులుపు లోహాన్ని తింటుంది, ఆ లోహాన్ని మనం తింటాము. కలాయి వేసేవారు ఇప్పుడు వీధుల్లో అరుదుగా కనబడుతున్నారు. మట్టి గంజు అన్నిటికంటె మేలు. అది లేకపోతే దళసరి అడుగు ఉన్న స్టీలు గిన్నె.

మంట. పూర్వం దీనికి కుంపటి, పిడకలు. పాలు కాచే దాలిలో పిడకలు కప్పి పెడితే అవి పొద్దంతా రాజుకొంటూనే ఉంటాయి. అంతకంటె సన్నని సెగ ఏ యంత్రమూ ఇవ్వదు. కాని ఆ పొగ ఎవరి ఊపిరితిత్తుల్లోకి పోయినదో మనకు తెలుసు. వంట రుచి కోసం ఆడవారిని మళ్ళీ ఆ పొగలో కూర్చోమనే హక్కు ఎవరికీ లేదు. గ్యాసు పొయ్యి మీద చిన్న బర్నరు, అతి తక్కువ మంట, గిన్నె కింద ఒక మందపు ఇనుప పెనం. పెనం వేడిని పరచి అడుగంటకుండా చూస్తుంది. మూత కొంచెం వారగా ఉంచాలి. మేకకు రెండు, రెండున్నర గంటలు. బర్రెకు మూడున్నర నుంచి నాలుగు. అరగంటకు ఒకసారి చూచి, నీరు తగ్గితే వేడినీళ్ళే పోయాలి. పైన తేలిన కొవ్వును గరిటెతో తీయవచ్చు. బుడగలు ఎడతెగకుండా లేస్తుంటే మంట ఎక్కువైనట్టు లెక్క.

గ్యాసు ఖర్చు మాటేమిటి అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. ఖర్చు చూచుకొనేవారికి ఒక పాత ఉపాయం ఉన్నది. గంటసేపు పొయ్యి మీద ఉడికిన గిన్నెను గట్టిగా మూత పెట్టి, దించిన వెంటనే పాత బొంతలో చుట్టి, వరిగడ్డి కూరిన పెట్టెలో మూడు గంటలు దాచితే తన వేడితో తానే ఉడుకుతుంది. తినేముందు తిరిగి బాగా మరిగించాలి. వేడి పోనివ్వకుండా వండే ఆలోచన మన దేశానికి కొత్త కాదు. బెంగాలులో ఇందుమాధవ మల్లిక్ గారు 1910లోనే ఇక్మిక్ కుక్కర్ అని ఒకటి తయారుచేసినారు. అడుగున నాలుగు బొగ్గులు, పైన డబ్బాలు వరుసగా. కచేరీకి పోయి వచ్చేసరికి అన్నం, పప్పు, మాంసం అన్నీ సిద్ధంగా ఉండేవి. గుమాస్తాలకు దానిపై ఎంత ప్రేమ ఉండేదో నేను ఊహించగలను.

ప్రెషర్ కుక్కర్ వాడరాదా? వాడవచ్చు. దాని పుట్టుకే గట్టి ఎముకల కోసం. 1679లో డెనీ పాపెన్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు లండన్ రాయల్ సొసైటీ వారికి చూపించిన ఆవిరి పాత్ర, ఎముకలను మెత్తబరచి తినడానికి పనికివచ్చేటట్టు చేయాలని కల్పించినదే. మన కుక్కర్‌కు అది ముత్తాత. లోపల వేడి 120 డిగ్రీల దాకా పోతుంది గనుక పొరలు ముప్పావు గంటలో కరుగుతాయి. అయితే అంత వేడిలో కండ పోగులు పొడిబారుతాయి, నీరు ఆవిరిగా పోదు గనుక పులుసు చిక్కబడదు. పొద్దున తొమ్మిదికి కచేరీకి పోయేవారు ఆదివారం దాకా ఆగలేకపోతే ఇట్లా చేయవచ్చు. కుక్కర్లో ఇరవై నిమిషాలు, మూత తీసిన తరువాత ఆవరొట్టె వేసి సన్నని సెగ మీద ఇంకొక ముప్పావు గంట. అసలు దానితో సమానం కాదు. కాని వండకపోవడం కంటె నయం.

ఉడికినట్టు తెలుసుకోవడానికి గరిటె అంచుతో ముక్కను నొక్కితే విడిపోవాలి. ముక్క తనంతట తానే విడిపోయిందంటే అరగంట ఆలస్యమైనది. మిగిలిన ఉప్పు అప్పుడు చూచి వేయాలి. చివరను నాలుగు చుక్కల నిమ్మరసం పిండితే పులుసు లేచి కూర్చుంటుంది. బంగాళాదుంప వేపుడుతో పిల్లలు తింటారు. పెద్దలకు వేడి జొన్న రొట్టె, పక్కన పచ్చి ఉల్లిగడ్డ చేతితో పగలగొట్టినది.

మరునాడు ఈ కూర ఇంకా బాగుంటుందని బెల్జియం వారూ అంటారు, మన పెద్దలూ అంటారు. ఇద్దరిదీ నిజమే. కాని వారి దేశం చలిదేశం. మన చైత్ర వైశాఖాలలో రాత్రంతా పొయ్యి గట్టు మీద వదిలితే పొద్దున పారబోయవలసి వస్తుంది. చల్లారగానే రెండు చిన్న గిన్నెలలోకి తీసి ఫ్రిజ్‌లో పెట్టాలి. ఫ్రిజ్ లేనివారు పడుకొనే ముందు ఒకసారి తెర్లకాచి మూత తీయకుండా ఉంచి, పొద్దున లేవగానే మళ్ళీ కాచాలి. గడ్డ కట్టిన పులుసును ఎక్కువ మంట మీద పెడితే అడుగంటుతుంది. గరిటెడు వేడినీళ్ళు పోసి, అదే సన్నని సెగ మీద.